గుంతలో పోసిన పంట

పురుగులు చచ్చాక కూడా పోతులయ్య థర్మామీటరు చూసి ముప్పై రెండు అని కార్డు మీద రాసుకున్నాడు. అలవాటు. ఇరవై ఏడేళ్లుగా ఏ ఊళ్లో ఏ పట్టుపురుగుల షెడ్డులోకి అడుగుపెట్టినా ముందు గోడకు వేలాడే గాజుగొట్టం చూస్తాడు, తర్వాత తట్టలు చూస్తాడు, మనుషుల ముఖాలు చివరికి చూస్తాడు. ఈ పొద్దు తట్టల్లో చూడటానికేమీ లేదు. అన్నీ ఖాళీ చేసి బయట గోడకు ఆనించారు. వాటి అడుగున అంటుకుపోయిన నల్లటి జిగటను నాగమ్మ కొబ్బరిపీచుతో రుద్ది రుద్ది కడుగుతోంది.

గుంత షెడ్డు వెనక ఉంది. నడుము లోతు. పోతులయ్య పోయి అంచున గొంతుక్కూర్చున్నాడు. పురుగు పొర విడవడానికి పడుకునే నిద్రను ఈ సీమలో జ్వరం అంటారు. అట్లాంటి జ్వరాలు నాలుగూ దాటి, ఇంకో నాలుగు రోజుల్లో గూడు కట్టాల్సిన పురుగులు, చిటికెనవేలు లావున్నవి, ఆ గుంత నిండా మెత్తబడి రసి కారుతున్నాయి. పైన సున్నం చల్లి ఉంది. ఒకటీ అరా సున్నంలోంచి తల పైకెత్తి అటూ ఇటూ ఆడిస్తున్నాయి. ఆకు కోసం. వాసన ఘోరంగా ఉండి ఉండాలి. పోతులయ్యకు తెలియదు. షెడ్లు కడిగే మందునీళ్లు పీల్చి పీల్చి ఆయన ముక్కు ఎప్పుడో చచ్చింది. బ్లీచింగు పొడి కలిపి కలిపి పదివేళ్ల గోళ్లూ సుద్దముక్కల్లా తెల్లబడ్డాయి. బక్కమనిషి. పొడుగు. సైకిలు తొక్కి తొక్కి నిలబడ్డప్పుడు కూడా హ్యాండిలు పట్టుకున్నట్లే ముందుకు వంగి ఉంటాడు. ఇంకో నాలుగు నెలలకు రిటైరు.

"అన్నా." నాగమ్మ చేతులు తుడుచుకుంటూ వెనక నిలబడింది. ముప్పై అయిదేళ్ల మనిషి, కళ్లకింద గుంటలు. "నేనేం తప్పు చేస్తినో చెప్పు."

"నువ్వేం తప్పు చేయలేదుమ్మా."

"అట్ల గాదు. తప్పు లేకుంటే ఏంటికి సస్తాయి? బ్లీచింగు నువ్వు చెప్పినట్లే ఏస్తి. తడి గోనెసంచులు దినామూ ఆరుసార్లు కడితి. నా బిడ్డకు సంగటి పెట్టేటప్పుడన్నా చెయ్యి కడగనేమో గానీ, పురుగుకు ఆకేసే ముందర సబ్బేసి కడిగినా. కార్డు మీద వచ్చినప్పుడల్లా నువ్వే గదా సంతకం పెట్టిండేది? తప్పు నాదే అని రాసుకో అన్నా, నేనొద్దనను. ఏం తప్పో చెప్పు. వచ్చే పంటకు చేయకుండా ఉంటా."

వసారాలో వక్కాకు నములుతున్న ఆమె అత్త అక్కడినుంచే అందుకుంది. "పోతులయ్యనడిగితే ఏం తెలుస్తాది? నిన్ను నువ్వు అడుక్కో. ఆ మూడు దినాలు షెడ్డు గడప తొక్కితివో లేదో నీకు తెల్లా?"

"తొక్కలేదని దేవునిమింద ఒట్టేస్తి గదత్తా!"

"పురుగు చెప్తాండాది గదా తొక్కినావని. పురుగూ దేవుడే. ఆ దేవునికంటే ఎక్కువనా నువ్వు? వచ్చే పంటనుంచి షెడ్డు బీగంచెవి చిన్నకోడలికిస్తాం. వానికీ ఫోను చేసి చెప్పేసినా."

వాడంటే నాగమ్మ మొగుడు. బెంగుళూరులో సెంట్రింగు పని చేస్తాడు. ఆరు నెలలకొకసారి వస్తాడు. షెడ్డు కట్టింది, మల్బరీ నాటింది, ఆకు కోసింది, పురుగు మేపింది నాగమ్మ. ఆ బీగంచెవి, షెడ్డు తాళంచెవి, ఆమె మొలకు వేలాడుతోంది. ఆ చెవి ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఆమె మనిషి. చెవి పోతే కూలిమనిషి.

ముట్టయిన ఆడది పురుగుల షెడ్డులోకి పోకూడదని ఈ ఊళ్లల్లో కట్టుబాటు. పంట బాగా వచ్చినప్పుడు ఆ మాట ఎవరికీ గుర్తుండదు. పంట పోయిందా, మొదట ఆడదాని మీదికే వేలు చూపిస్తారు. మొగోడు చుట్ట కాల్చి, కడగని చేత్తో ఆకేస్తే మాత్రం పురుగులకు మైల తగలదు కాబోలు.

పోతులయ్య లేచాడు. రొమ్ము మధ్యలో ఎవరో మోకాలు పెట్టి అదిమినట్లయింది. మూడు రోజులుగా అట్లానే ఉంది. గ్యాసు అనుకుని జేబులోంచి ఇంత వాము తీసి నోట్లో వేసుకున్నాడు.

"నీదొక్కదానిదే గాదు నాగమ్మా. శానామందివి పోయినాయి" అన్నాడు.

"ఓదార్చేకి అందురూ అట్లే అంటారు. ఎవురిది పోయిందో పేరు చెప్పు. మా అత్తకు వినపడేటట్లు చెప్పు."

పోతులయ్య సంచీ దగ్గరికి లాక్కున్నాడు.

ఆ పేర్లు ఆయన నోట్లోనే ఉన్నాయి. తలుపుల ఊళ్లో రంగప్ప. ఓబులదేవరచెరువు పక్క పల్లెలో అన్నదమ్ములిద్దరు. పెనుకొండ చుట్టూ నలుగురు. పోతులయ్య పనిచేసే పట్టుపరిశోధన కేంద్రం ఈ వేసవికని కొత్త తెల్ల జాతి గుడ్లు ఇచ్చింది ముప్పై ఒక్క ఇళ్లకు. నాగమ్మతో కలిపి పదిహేడు గుంతలు. పదిహేడూ ఆయన తన కళ్లతో చూశాడు. కానీ ఈ సీమలో పురుగు చచ్చిందని చెప్పుకోవడం ఇంట్లో దొంగతనం చేశామని చెప్పుకున్నట్లు. పురుగు చచ్చిన ఇంటికి ఎవడూ తట్టలు అరువివ్వడు. వాళ్ల మనుషుల్ని తమ షెడ్డులోకి రానియ్యడు. అందుకని తలుపులు మూసుకుని పెరట్లో గుంత తవ్వి, పోసి, పూడ్చి, పైన ఒక ఆముదం మొక్క నాటి, పంట బాగానే వచ్చిందని చెప్పుకుని తిరుగుతారు. ఒకడి గుంత ఇంకొకడికి తెలియదు. ప్రతివాడూ లోకంలో తనకొక్కడికే పోయిందనుకుంటాడు. ప్రతి గుంత దగ్గరా పోతులయ్య చెయ్యి పట్టుకుని "అన్నా, బయట చెప్పద్దు" అన్నారు. ఆయన సరే అన్నాడు. పదిహేడు ఒట్లు.

సంచీలోంచి ఫారం తీశాడు. నాగమ్మ పేరు, ఊరు, ఇచ్చిన గుడ్లు నూరు. ఒక చిలుక పెట్టిన వందల గుడ్లను కలిపి ఇక్కడ ఒక గుడ్డు అంటారు. చివర రెండు గడులు. గూళ్లు విప్పిన తేదీ. గూళ్ల బరువు.

ఈ రెండు గడులు నిండకపోతే ఫారం అసంపూర్తి. అసంపూర్తి ఫారం పైకి పోదు, సగటు లెక్కలోకి రాదు. అది కేంద్రంలో ఆయన చేరకముందునుంచీ ఉన్న పద్ధతి. పంట పోయినవాడి గడులు ఖాళీగా ఉంటాయి కాబట్టి వాడి ఫారం పక్కన పడేయాలి. పోతులయ్య ఇన్నేళ్లూ పడేశాడు. వెనకవైపు తెల్లగా ఉంటుందని ఇంటికి పట్టుకుపోతే భార్య శ్యామలమ్మ వాటిలో వాము, జీలకర్ర పొట్లాలు కట్టేది. పంటే రానివాడికి సగటు ఏముంది అని ఆయన కూడా అనుకున్నాడు. ఏడో తరగతి చదివిన మనిషి. పెద్ద చదువులవాళ్లు పెట్టిన పద్ధతిలో మోసం ఉంటుందని ఎట్లా అనుకుంటాడు? పోయిన చలికాలం కూడా తొమ్మిది ఫారాలు పక్కన పడేసి, మైకు ముందర నిలబడి "అరవై కిలోలు వచ్చినాయప్పా, నా కండ్లారా సూసినా" అన్నాడు. అబద్ధం కాదు. వచ్చినవాళ్లకు వచ్చాయి. ఆ సభలో ముందు వరసలో నాగమ్మ కూర్చుని ఉంది. కేంద్రం మాట విని కాదు, పోతులన్న మాట విని ఈ గుడ్లు తీసుకుంది.

గుంత కేసి ఒకసారి చూశాడు. తేదీ గడిలో ఈనాటి తేదీ వేశాడు. బరువు గడిలో ఒత్తి, గుండ్రంగా, సున్న రాశాడు.

సున్న కూడా అంకే. గడి నిండింది. ఇరవై ఏడేళ్లలో ఎందుకు తట్టలేదో ఆయనకే అర్థం కాలేదు. అక్కడే సున్నపుగోడకు ఆనుకుని, సంచీలో ఉన్న మిగతా పదహారు ఫారాలూ తీసి, ఒక్కొక్కదాంట్లో గుంత తేదీ వేసి సున్నలు పెట్టాడు. చివరి సున్న పెట్టేసరికి చొక్కా వీపంతా తడిసింది.

"సైకిలు ఈడే పెడ్తానుమ్మా. తొక్కేకి శాతగాలేదు. పెనుకొండలో మీటింగుండాది, బస్సుకు పోతా. సందకాడొచ్చి తీస్కపోతా."

"మజ్జిగన్నా తాగు అన్నా. మొగమంతా పాలిపోయింది."

"వచ్చినాక తాగుతా."

బస్సులో సీటు దొరికింది. పక్కన ధర్మవరం పోయే నేతమనిషి పట్టుదారం మూట ఒళ్లో పెట్టుకుని నిద్రపోతున్నాడు. పోతులయ్య సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని చిన్న పుస్తకం చూసుకున్నాడు. ఈ పొద్దు మీటింగులో పంచేది అదే. మొదటి కాపీ వారం కిందటే ఈ కొత్త జాతి తయారుచేసిన సుచిత్ర మేడం ఆయన చేతికిచ్చింది. అట్ట మీద తెల్లటి గూళ్ల బొమ్మ. లోపల నాలుగో పేజీలో లావు అక్షరాలు: వేసవిని తట్టుకునే కొత్త జాతి, సిఫారసులు పాటించిన రైతులకు నూరు గుడ్లకు సగటున యాభై ఎనిమిది కిలోలు. చివరి పేజీలో కృతజ్ఞతలు. డైరెక్టరు, ఆఫీసర్లు, అందరికంటే కింద: క్షేత్ర సమాచార సేకరణ, శ్రీ పోతులయ్య.

బతుకులో మొదటిసారి అచ్చులో పేరు. శ్యామలమ్మకు చదువు రాదు. నీ పేరు యాడుందో చూపించమని, వేలు పెట్టి చూపిస్తే ఆ చోట కళ్లకద్దుకుంది. అద్దుకున్న చోట పసుపు మరక పడింది. ఈ పుస్తకం అచ్చయ్యేనాటికి నాగమ్మ పురుగులు ఇంకా ఆకు తింటున్నాయి. ఆమె పంట తేలకముందే ఆమె పాటించని రైతు అయిపోయింది.

పెనుకొండలో మీటింగు హాలు ముందర అప్పటికే నూరూనూటయాభై మంది పోగయ్యారు. తలపాగాలు, ప్లాస్టిక్ సంచులు, ఖాళీ క్యారియర్లు. మధ్యాహ్నం చిత్రాన్నం పెడతారు, తర్వాత కొత్త గుడ్లకు పేర్లు రాసుకుంటారు. పేరు ఎక్కినవాడి చేతికల్లా ఒక బ్లీచింగు పొడి ప్యాకెట్టు కూడా. సుచిత్ర మేడం స్టేజీ పక్కన కాగితాలు సర్దుకుంటోంది. ముప్పై రెండేళ్ల పిల్ల. హిందూపురం శెట్ల ఇంట్లో మొదటి డాక్టరేటు. చెడ్డ మనిషి కాదు. పోయినేడు పోతులయ్యకు మలేరియా వస్తే సొంత కారులో ఆస్పత్రికి తీసుకుపోయింది. మంచివాళ్లు చెప్పే అబద్ధాలతోనే వచ్చేది తంటా. చెడ్డవాడి అబద్ధాన్ని ఎవడూ నమ్మడు.

"మేడం, ఇవి." పదిహేడు ఫారాలు బల్ల మీద పెట్టాడు.

ఆమె తిరగేసింది. రెండు చూసేసరికే అర్థమైంది. "ఇవన్నీ అసంపూర్తి కదా పోతులయ్యా?"

"కాదు మేడం. సూడండి. గడులన్నీ నిండినాయి."

"సున్న దిగుబడి కాదండీ. పంట విఫలం అంటారు దాన్ని. దిగుబడి సగటులో విఫలమైనవి కలపరు. ఎక్కడైనా అంతే. ఏ పేపర్లో అయినా అంతే."

"గుడ్లు ముప్పై ఒక్క మందికిస్తిమి గదా మేడం? పద్నాలుగు మందికి వచ్చినాయి. ఆ పద్నాలుగు మందివే గదా యాభై ఎనిమిది? అందురినీ కలిపి పంచితే ఇరవై ఆరు. నేను బస్సులో మూడుసార్లు లెక్కేసినా."

"మిగతావాళ్లు సిఫారసులు పాటించలేదు కదా."

"ఎవురన్నారు పాటించలేదని?"

"పాటించి ఉంటే పంట వచ్చేది."

 పోతులయ్య సంచీలోంచి నాగమ్మ కార్డు తీశాడు. ఇరవై రోజుల కార్డు. రోజూ వేడి, తడి, ఆకు, మందు. పోయినప్పుడల్లా కింద ఆయన సంతకం.

"ఇది సూడండి మేడం. అన్నీ చేసింది. మీరు పుస్తకంలో రాసిన దానికంటే ఎక్కువే చేసింది. ఆమె పాటించలేదంటే నా సంతకం అబద్ధం. నా సంతకం నిజమైతే మీ పుస్తకం అబద్ధం. రెండూ నిజమని ఎట్లంటాం? ఆడ వాళ్లత్త ముట్టు తగిలిందంటాంది, ఈడ మనం తప్పు చేసిందంటాండాం. పదిహేడు ఇండ్లల్లోనూ ముట్టే తగిలిందా?"

ఆమె కార్డు చూడలేదు. చూస్తే ఏముంటుందో ఆమెకు తెలుసు. "మూడేళ్లు పట్టింది ఈ జాతికి. సాయంత్రం డైరెక్టరు గారు పైకి రిపోర్టు పంపుతున్నారు. ఈ ఒక్కసారికి వదిలేయండి. వచ్చే ట్రయల్‌లో విఫలమైన పంటలకు కూడా ఒక గడి పెట్టిస్తాను."

"వచ్చే ట్రయలంటే ఈ కూర్చోనుండేవాళ్లే గదా మేడం?"

ఆమె ముఖం ఎర్రబడింది. గొంతు తగ్గించింది. "మీ పేరు వేయించింది నేను. డైరెక్టరు గారు వద్దన్నా వేయించాను. అది గుర్తుపెట్టుకోండి."

"ఆ పేరే తీసేయండి మేడం. లేదంటే ఈ పదిహేడూ ఎక్కించండి."

"అచ్చయిపోయింది." ఆమె ఫారాలను ఫైలు కిందికి తోసింది. "ఈ సారి మీరు మైకు దగ్గరికి రావద్దు. వెనక గదిలో పుస్తకాలున్నాయి, చిత్రాన్నం అయ్యాక పంచండి. చాలు."

ప్రతి మీటింగులోనూ చివర మైకు పోతులయ్యదే. డాక్టర్లు చెప్పింది రైతులకు సగం అర్థం కాదు. పోతులన్న లేచి "నిజమేప్పా" అంటే పేర్లు రాయించుకుంటారు. ఆ ఒక్క మాట కోసమే ఆయన్ని ఇన్నేళ్లూ ఊరూరా తిప్పారు. ఈ పొద్దు ఆ మాట వద్దన్నారు.

వెనక గది చిన్నది. ఒక కిటికీ. ఒక మూల బ్లీచింగు పొడి మూటలు. బల్ల మీద మూడు వందల పుస్తకాలు, తాడుతో కట్టిన కట్టలు. పోతులయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గోడ అవతల మైకు గరగరమంది. స్వాగతం, దండలు, డైరెక్టరు గారి ఉపన్యాసం. ఆయన మొదటి కట్ట విప్పాడు. పై పుస్తకం తీసి నాలుగో పేజీ తెరిచాడు. లావు అక్షరాల కింద బెత్తెడు తెల్లచోటు ఉంది. జేబులోంచి నీలం పెన్ను తీశాడు.

చిన్నప్పుడు బళ్లో అయ్యవారు బోర్డు మీద సూక్తి రాయడానికి రోజూ పోతులయ్యనే పిలిచేవాడు. ఆ చేతిరాత ఇంకా పోలేదు. గుండ్రటి, లావాటి, దూరానికి కనపడే అక్షరాలు. రాశాడు:

31 మందిలో 14 మందికే. 17 మంది పంట గుంతలో పోసినారు. అన్నీ పాటించినవాళ్లే. - పోతులయ్య

ఎవరి పేరూ లేదు, తన పేరు తప్ప. పదిహేడు ఒట్లూ నిలిచాయి. పుస్తకం మూసి పక్కన పెట్టాడు. ఇంకొకటి తీశాడు.

పది అయ్యేసరికి చేతికి ఒడుపు దొరికింది. ఇరవై అయ్యేసరికి వేళ్లు నొప్పెట్టాయి. ఎడమ భుజం బరువెక్కింది. వాము అయిపోయింది. గోడ అవతల సుచిత్ర మేడం గొంతు, తేటగా, చదువుకున్న గొంతు: "సగటున యాభై ఎనిమిది కిలోలు." చప్పట్లు. పోతులయ్య తల ఎత్తలేదు. మూడు వందలూ రాయలేనని ఆయనకు తెలుసు. కింది కట్టలు విప్పను కూడా లేదు. ఎన్ని అయితే అన్ని. ఊరికొక్కటి పోయినా చాలు. ఊళ్లో ఒకడు చదివితే చాలు.

రాస్తుంటే ఆయనకు నాగమ్మ అత్త కనిపించింది. వక్కాకు నమిలే నోరు. ఆమెకు ఎదురుగా ఈ పుస్తకం పట్టుకుని ఎవరైనా పైకి చదివితే ఏమంటుంది? ఏదో ఒకటి అంటుంది. అననీ. చదివిన మాట చెవిలో పడుతుంది కదా.

చిత్రాన్నం వాసన గదిలోకి వచ్చి ఉండాలి. గిన్నెల చప్పుడు వినిపించింది. అటెండరు వెంకటేశులు తలుపు తోసి "ఏమన్నా, తినేకి రావా? ఏం రాస్తాండావు, పెండ్లిపత్రికలా?" అన్నాడు.

"రాసేటివి ఉండాయి. నువ్వు తినుపో. ముందు ఈ పక్కన పెట్టిండే కట్ట పంచు."

"సరే బ్బా."

తొంభై దాటాయి. పోతులయ్య ఇంకో పుస్తకం తెరిచి రాయసాగాడు. కిటికీలోంచి పెనుకొండ కోట కొండ తెల్లగా, ఎండలో కాలిపోతూ కనపడింది. అక్షరాలు రెండుగా కనపడ్డాయి. ఒక నిమిషం ఆగుదామనుకున్నాడు. కుర్చీ వెనక్కి జరిపి బ్లీచింగు మూటకు తల ఆనించాడు. పెన్ను చేతిలోనే ఉంది.

తినొచ్చిన వెంకటేశులు చూసి, పెద్దాయన కునుకు తీస్తున్నాడనుకున్నాడు. చప్పుడు చేయకుండా పక్కన పెట్టిన కట్ట ఎత్తుకుని పోయాడు.

హాలులో పుస్తకాలు చేతులు మారాయి. ఎక్కువమంది సంచీలో వేసుకున్నారు. తలుపుల రంగప్ప మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని పేజీలు తిప్పాడు. ముసలాడు కూడబలుక్కుని పైకి చదివే రకం. నాలుగో పేజీ దగ్గర ఆగాడు. ఒకసారి చదివాడు. రెండోసారి మనసులో చదివాడు. లేచి నిలబడ్డాడు.

"మేడమ్మా! ఇట్ల చేత్తో రాసుండాది. పదిహేడు మందివి గుంతలో పోసినారంట. అంటే..." కళ్లద్దాలు తీశాడు. "అంటే నేనొక్కన్నే గాదా?"

 వరసల్లో అక్కడక్కడా నలుగురైదుగురు తలలు దించుకున్నవాళ్లు తలెత్తి ఒకరినొకరు చూసుకున్నారు. ఓబులదేవరచెరువు అన్నదమ్ములు ఒకేసారి చూశారు. ఎవరూ లేవలేదు. ఒక్క నిమిషం గడిస్తే ఎవరో ఒకరు లేచేవాళ్లేమో.

"ఎవరో ఆకతాయి పని" అన్నాడు డైరెక్టరు మైకులో.

"ఆకతాయి కాదు సార్, పోతులన్న సంతకముండాది. ఈ రాత మాకు తెల్దా? ఆయన్ని పిలవండి. ఆయన నోటితో చెప్పమనండి."

సుచిత్ర మేడం చేతిలోనూ ఒక కాపీ ఉంది. ఆమె నాలుగో పేజీ చూస్తోంది. నోరు తెరిచింది. అవును అనడానికో, కాదు అనడానికో, ఆమెకే తెలియాలి.

ఈలోగా వెంకటేశులు వెనక గదిలోంచి పరుగెత్తుకొచ్చి డైరెక్టరు చెవిలో ఏదో చెప్పాడు.  ఆయన మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"అందరూ లేచి నిలబడండి. మన పోతులయ్య గారు, ఇరవై ఏడేళ్లుగా మన సంస్థకు నిస్వార్థంగా సేవ చేసిన పోతులయ్య గారు, ఇప్పుడే కన్నుమూశారు. ఆయన ఆత్మశాంతికి రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం."

నూటయాభై మంది లేచారు. రంగప్ప అప్పటికే నిలబడి ఉన్నాడు కాబట్టి అట్లాగే నిలబడ్డాడు. పుస్తకం వేలు పెట్టి మూసుకున్నాడు. సుచిత్ర మేడం కూడా మూసింది. రెండు నిమిషాలు ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. మౌనం అయ్యాక మళ్లీ అడగడానికి రంగప్పకు నోరు రాలేదు. శవం పక్క గదిలో ఉండగా లెక్కలు అడిగేవాడు మనిషా అంటారు. ఈ దేశంలో అబద్ధాన్ని కాపాడటానికి అరుపులు అక్కర్లేదు. మర్యాద చాలు.

ఆ మధ్యాహ్నం ఎనభై రెండు మంది కొత్త గుడ్లకు పేర్లు రాయించుకున్నారు. మిగతావాళ్లు రాయించుకోలేదు. పోతులయ్య చావు అపశకునం అని కొందరు, పుస్తకం చదివి కొందరు. ఏది ఎందరో ఏ ఫారంలోనూ లేదు.

శవాన్ని జీపులో హిందూపురం, శ్యామలమ్మ దగ్గరికి పంపారు. ఫైలు కింద పదిహేడు ఫారాలు ఆఫీసుకు చేరితే గుమస్తా వాటి మీద అసంపూర్తి అని ముద్ర వేసి, సున్నలన్నీ ఎర్రపెన్నుతో అడ్డంగా కొట్టి బీరువా మీద పడేశాడు. చేతిరాత కాపీలు వెనక్కి తెమ్మని ఊళ్లకు మనిషి పోయాడు. ఇరవై మూడు దొరికాయి. రెండు నెలలకు పుస్తకం మళ్లీ అచ్చు వేశారు. యాభై ఎనిమిది అట్లాగే ఉంది. చివరి పేజీలో ఒక్క మార్పు. శ్రీ తీసేసి కీ.శే. పెట్టారు.

చావు జరిగిన మూడో రోజు వెంకటేశులు సైకిలు కోసం నాగమ్మ ఊరికి వచ్చాడు. అంతకుముందే బస్సు కండక్టరు చెప్పగా ఆమెకు తెలుసు. సైకిలు షెడ్డు నీడలోనే ఉంది. ఆమె తుడిచి పెట్టింది.

"సందకాడొస్తా అన్యాడు. మజ్జిగ తాగుతా అన్యాడు" అంది.

వెంకటేశులు చొక్కా లోపలినుంచి ఒక పుస్తకం తీశాడు. "ఇది ఆయన చేతికింద ఉండె. చివరిగా రాస్తాండింది. వెనక్కియ్యమని సార్లు అడిగిరి, నేనియ్యలేదు. నీ పేరు మేడంతో తగువులో ఎత్తినాడంట. నీ దగ్గరుండనీ అని తెస్తి."

"సదువు."

చదివాడు. గట్టిగా చదవమంది. మళ్లీ గట్టిగా చదివాడు. ముప్పై ఒక్క మందిలో పద్నాలుగు మందికే. పదిహేడు మం. అంతే.

"తర్వాత?"

"ఆడికి ఆగిపోయింది."

వసారాలో అత్త నమలడం ఆపింది. "పుస్తకాల్లో ఏమైనా రాస్తారు. రాసినోడు యాడుండాడు, అడిగేకి?"

"సచ్చిపోయినాడు గదవ్వా."

"మల్ల ఇంగేముండాది!" అని ముసలామె ఉమ్మి, మళ్లీ నమలసాగింది. బీగంచెవి సంగతి మాత్రం ఆ పూట ఎత్తలేదు. ఆ పూటకే. చిన్నకోడలు కాన్పుకు పోయింది, వచ్చాక ఎత్తుతుంది.

వెంకటేశులు సైకిలు నడిపించుకుంటూ పోయాడు. నాగమ్మ షెడ్డు తెరిచింది. లోపల సున్నం వాసన, ఖాళీ తట్టలు. థర్మామీటరు వేలాడే మేకు పక్కన ఇంకో మేకు కొట్టి, నాలుగో పేజీ పైకి కనపడేటట్లు మడిచి, దారంతో కట్టి వేలాడదీసింది. లోపలికి ఎవరొచ్చినా మొదట గాజుగొట్టం చూస్తారు, దాని పక్కన ఇది చూస్తారు. ఆమెకు అక్షరాలు తెలియవు. అంకెలు తెలుసు. పదిహేడు దగ్గర వేలు పెట్టి చూసింది. అక్కడినుంచి నీలం గీత ఒకటి, వంకరగా, పేజీ అంచుదాకా జారి ఆగిపోయి ఉంది.